బేస్తవారం సెలవు

లింబాద్రి సెలవు చీటీ పట్టుకుని మేనేజరు సువర్ణ గది ముందు నిలబడ్డాడు. ఆర్మూరులో పసుపు కొని బయటి రాష్ట్రాలకు పంపే ఆ కంపెనీలో అతను మూడేళ్లుగా కాంటా దగ్గర తూకాలు చూస్తున్నాడు. ఈ సీజను మొదలైనప్పటి నుంచి సువర్ణ ఫోను చేస్తే చాలు, అతనికి ఊపిరి అందడం లేదు. గుండె బాగానే ఉందని, ఇది ఆందోళన అని, వారానికోసారి వచ్చి మాట్లాడమని నిజామాబాదులో మనసు డాక్టరు చెప్పాడు.

జ్వరమని చెబుదామనుకున్నాడు. కానీ జ్వరం ప్రతి వారం రాదు కదా.

లోపలికి వెళ్లాడు. సువర్ణ తల ఎత్తలేదు.

“ఎందుకు సెలవు?”

“మనసు డాక్టరు దగ్గరికి పోవాలె మేడం. మీ ఫోనొస్తే నాకు దడ పుడుతున్నది.”

అనేశాక ఉద్యోగం పోయిందనుకున్నాడు. ఇంటికి వెళ్లి భార్యకు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు.

ఆమె చీటీ తీసుకుని చదివింది.

“బేస్తవారం కుదరదు.”

“మరి ఎప్పుడు పోవాలె మేడం?”

“శుక్రవారం పో.” ఆమె తారీఖు కొట్టేసి, కొత్తది తానే రాసి సంతకం పెట్టింది. “బేస్తవారం నేను పోత. ఇద్దరం లేకుంటే ఈడ ఎవరు చూస్తరు?”

లింబాద్రి చీటీ అందుకుని తలుపు దాకా వెళ్లాడు.

“జర పొద్దుగాలనే పో,” అంది సువర్ణ, మళ్లీ కాగితాల్లోకి తల వంచి. “పది దాటితే మస్తు మంది ఉంటరు. పక్కన కూసున్నోళ్లు ఏమైందని అడుగుతరు.”