బతికున్న బర్రె

"సచ్చినయే రాస్త. ఇది బతికున్నది గద!" అన్నాడు గొడ్ల నష్టం రాసుకోవడానికి వచ్చిన సర్కారు గిర్దావరు, కాగితాలు మడుస్తూ.

మూడు రోజుల కింద పడ్డ రాళ్లవానకు బీబీపేటలో ఇరవై గొడ్లు చచ్చాయి. వాటికి సర్కారు సాయం వస్తుంది. లసుమవ్వ బర్రెకు మాత్రం కొట్టం కూలి నడుము విరిగింది. ఆ ఇంటికి దాని పాలే ఆధారం.

"మల్ల లేస్తదా, సాబ్?" అడిగింది లసుమవ్వ.

"లేవదు." ఆయన గొంతు తగ్గించాడు. "పొద్దుమూకే దాక ఊర్లనే ఉంట. ఆలోపల పానం పోతే చెప్పుండ్రి, రాసుకుంట."

ఆయన పోగానే లసుమవ్వ నీళ్లకుండ ఎత్తుకుంది. భర్త పోశెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పెట్టకు. ఎట్లయినా పోయేదే. ఇయ్యాల పోతే ఇంకో బర్రె అన్న వస్తది."

కుండ దించి, ఇద్దరూ బర్రె ముందర కూచున్నారు. ఎగసిపడుతున్న దాని డొక్కనే చూస్తోంది లసుమవ్వ. ఒకసారి ఊపిరి ఆగినట్టయింది. ఆమె మనసు కుదుటపడింది. అంతలోనే డొక్క మళ్లీ కదిలింది.

మనసెందుకు కుదుటపడిందో తెలిసి ఆమె దిగ్గున లేచింది.

"ఏందయ్యా, ఇది సావాలని సూస్తున్న నేను!"

పోశెట్టి బర్రె తల ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె కుండ వంచింది.

పొద్దుమూకింది. గిర్దావరు బండి తోవ మీద ఆగింది.

"పోశెట్టీ, ఏమైంది? రాయాల్నా?"

బర్రె తల ఒళ్లోనే పట్టుకుని పోశెట్టి తోవ వైపు తిరిగాడు.

"నీళ్లు తాగుతున్నది, సాబ్."