ఏడో అంతస్తు తలుపు

“బ్యాగులో రబ్బరు చెప్పులెందుకు టీచర్?”

బస్సు కుదుపుకి ప్యో టీచరు ఒళ్లో ఉన్న బ్యాగు జిప్పు కాస్త ఊడింది. లోపల కొత్త రబ్బరు చెప్పులు, టూత్‌బ్రష్షు, తువ్వాలు, స్ట్రా పెట్టిన నీళ్ల సీసా కనిపించాయి. సోల్బి కళ్లు వాటి మీదే నిలిచాయి.

“ఆసుపత్రికి కదా, పనికొస్తాయి,” అంటూ టీచరు గబుక్కున జిప్పు లాగేసింది.

“ఆసుపత్రికి ఎందుకో చెప్పనేలేదు మీరు.”

“చెప్తాను. ముందు దిగనీ.”

ఆ ‘ముందు దిగనీ’ సోల్బికి కొత్త కాదు. పదిహేనేళ్లప్పుడు, పిల్లల హోంలో ఉండగా, ఒకావిడ ఇలాగే బ్యాగు సర్ది, “చిన్న పరీక్షే, పద” అని తీసుకెళ్లింది. వెనకాల మానసిక వార్డు తలుపుకి తాళం పడింది. మళ్లీ అది తెరుచుకునేసరికి నలభై రోజులయింది.

ఇప్పుడామెకి ఇరవై మూడు. ముక్కు మీద కోపం మాత్రం పదిహేనేళ్లదే. హోం నుంచి బయటపడ్డ పిల్లల్ని ఐదేళ్లపాటు కనిపెట్టుకుని, సొంత కాళ్ల మీద నిలబెట్టడం ప్యో టీచరు ఉద్యోగం. అద్దెగది వెతకడం, అన్నం వండడం, కోపం తన్నుకొస్తే చుట్టూ ఉన్న నీలం రంగు వస్తువులు లెక్కపెట్టడం, అన్నీ ఆవిడే నేర్పింది. ఏ కాగితంలోనైనా ‘సంరక్షకులు’ అన్న గడిలో సోల్బి రాసేది ఆవిడ పేరే. ఈ నెలాఖరుకి ఆ ఐదేళ్లూ పూర్తవుతాయి.

సరిగ్గా ఈ సమయానికే సోల్బి ఓ ఘనకార్యం చేసింది. తను పనిచేసే, వండిన కూరలమ్మే కొట్టులో ఒక పెద్దావిడ, “అమ్మా నాన్నా లేకుండా పెరిగితే ఇంతే మరి,” అన్నందుకు, కిమ్చీ పచ్చడి డబ్బా ఎత్తి ఆవిడ కాళ్ల ముందు నేలకేసి కొట్టింది. కొట్టు యజమానురాలు టీచరుకి ఫోన్ చేసింది. అది జరిగి వారమయింది. ఈ వారమంతా టీచరు ఏదో చెప్పబోవడం, మింగేయడం.

ఇంకేముంది, నన్ను మళ్లీ లోపల పడేస్తారు, అనుకుంది సోల్బి.

బస్సు దిగాక సోల్బి, సముద్రపు నాచురేకులో చుట్టిన అన్నం ముక్కల పొట్లం విప్పింది. “పొద్దున్నే కిమ్‌బాప్ చుట్టాను. తినండి.”

“నాకొద్దు. నువ్వు తిను.”

కిమ్‌బాప్ కనిపిస్తే అడక్కుండానే సగం లాగించే మనిషి! పొట్లం తోసేసిన ఆ చేతి వంక చూసింది సోల్బి. 

“గోళ్ల రంగేది టీచర్? ఒక్కరోజు కూడా తియ్యనంత ముచ్చట కదా మీకు!”

“తీసేశాను.” టీచరు నవ్వబోయింది. నవ్వు రాలేదు. “సోల్బీ, నీకో మాట చెప్పాలి. వారం నుంచీ నోరు పెగలడం లేదు.”

“అయితే చెప్పకండి,” అంది సోల్బి విసురుగా. వింటే అది నిజమైపోతుందని ఆమె భయం.

కౌంటరు దగ్గర గుమాస్తా కాగితంలోంచి తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “మీ ఇద్దరికీ సంబంధం?”

టీచరు ఒక్క క్షణం తడబడింది. “కుటుంబమే,” అంది.

సోల్బికి ఒళ్లు మండిపోయింది. మనిషిని లోపల వేసి తాళం పెట్టాలంటే కుటుంబం మాటే చెల్లుతుందని ఆమెకి బాగా తెలుసు. ఐదేళ్లలో ఒక్కసారి కూడా అనని మాట, వినాలని తను చచ్చేంత ఆశపడ్డ మాట, అనడానికి ఈవిడకి ఇవాళే దొరికిందా!

“ఇక్కడ మీ సంతకం,” అంటూ గుమాస్తా కాగితాన్ని సోల్బి ముందుకి తోశాడు.

అక్షరాలు అలుక్కుపోయాయి. బయటికెళ్లే అద్దాల తలుపు పదడుగుల దూరంలో ఉంది. పరిగెత్తితే ఎవరూ పట్టుకోలేరు. సోల్బి లెక్క మొదలుపెట్టింది. గుమాస్తా కోటు నీలం. పెన్ను నీలం. రెండు కుర్చీలు నీలం. టీచరు మెడలో మఫ్లరు నీలం.

ఆ మఫ్లరు సోల్బి తన మొదటి జీతంతో కొనిచ్చింది. అంచులన్నీ పోగులు లేచిపోయినా ఆవిడ దాన్ని వదల్లేదు.

పారిపోతే తనకి ఈవిడ కూడా మిగలదు. చదవకుండానే సంతకం పెట్టేసింది.

లిఫ్టులో టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ అరచెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది.

“నువ్వు మధ్యలో వెళ్లిపోతావేమో అనుకున్నాను,” అంది టీచరు.

“మీరే తీసుకొస్తే ఎక్కడికి పోతాను?”

“అంటే?”

ఏడో అంతస్తులో లిఫ్టు తెరుచుకుంది. ఎదురుగా మూసి ఉన్న తలుపు. దాని మీద కాగితం అంటించి ఉంది: ‘రోగితో పాటు సంరక్షకులు ఒక్కరికే ప్రవేశం. కార్డు లేనిదే తలుపు తెరుచుకోదు.’ అద్దంలోంచి, సెలైను సీసా వేలాడుతున్న స్టాండు తోసుకుంటూ నడిచే మనిషి కనిపించాడు. సోల్బి ఇంకేమీ చూడదలుచుకోలేదు.

ఒక నర్సు బయటికొచ్చింది. ఒక చేతిలో రోగి మణికట్టుకి కట్టే ప్లాస్టిక్ పట్టీ, ఇంకో చేతిలో తాడు కట్టిన కార్డు.

“తక్ సోల్బి గారెవరు?”

“నేనే.” కేక మాత్రం వెయ్యలేదు. అందుకు టీచరు సంతోషిస్తుందనిపించి, అలా అనిపించినందుకే ఏడుపొచ్చింది. స్వెట్టరు చెయ్యి పైకి మడిచి, కళ్లు మూసుకుని, మణికట్టు చాపింది. “కట్టెయ్యండి. ఈసారి ఎన్ని రోజులో అది మాత్రం ముందే చెప్పండి.”

పక్కన టీచరు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినబడింది. పట్టీ మాత్రం చేతికి తగల్లేదు.

“పట్టీ ఆపరేషనుకొచ్చిన ఆవిడకండీ, సంరక్షకుల కార్డు మీకు.”