కన్నుకొట్టే బాతు

"ఏంటి మాస్టారూ, జేబు తలకిందులుగా కుట్టారు?" కొత్త చొక్కా తొడుక్కుని చూసుకుంటున్న బట్టతలాయన అద్దం ముందు నుంచి కేకేశాడు.

దర్జీ మాస్టారు నాలుక కరుచుకున్నారు. "వయసు మీద పడుతోందండీ. సాయంత్రానికల్లా సరిచేసి ఉంచుతాను."

బట్టతలాయన ఇంకో రెండు చీవాట్లు పెట్టి తృప్తిగా వెళ్ళిపోయాడు. బల్లమీద తెరిచి ఉన్న కొలతల పుస్తకంలో 'వెడల్పు కాలర్' అని రాసి ఉంది. కుట్టింది సన్న కాలర్. జేబు గొడవలో పడి ఆయన దాని సంగతే మరిచాడు. దుకాణానికి వెబ్‌సైట్ చేసిపెట్టడానికొచ్చి బల్ల పక్కన లాప్‌టాప్ తెరుచుక్కూర్చున్న వెబ్ డిజైనర్ మాత్రం చూశాడు. పాపం, పెద్దాయనకి చూపు మందగించిందనుకున్నాడు.

అంతకుమించి జాలిపడే తీరిక అతనికి లేదు. ఆఫీసు నడిపేది సొంత అక్క. క్లయింట్లు అడిగిందల్లా పెట్టి తమ్ముడు ఇప్పటికే మూడు వెబ్‌సైట్లని కలగూరగంప చేసుకొచ్చాడు. "ఈసారీ పేజీ పాడుచేసుకొచ్చావంటే, రేపట్నించి ఫొటోలు కత్తిరించుకుంటూ కూర్చో" అని పొద్దున్నే చెప్పేసింది.

మాస్టారిది రెండు వారాలుగా ఒకటే పాట. పేజీ నెత్తిన ఎర్రటి ఫోన్ నంబరు, ఒక్కో అంకె అరచెయ్యంత ఉండాలి. అది చూస్తే అక్క ఊరుకోదు. అందుకే డిజైనర్ ఈరోజు తన గుప్తవిద్య ప్రయోగించాడు. ముచ్చటైన పేజీ చేసి, మూల కన్నుకొట్టే బాతునొకదాన్ని పెట్టాడు. క్లయింటన్నాక ఏదో ఒకటి తీసెయ్యమనకపోతే అన్నం సయించదు. బాతుని తీసెయ్యమంటాడు, తను తీసేస్తాడు, మిగతా పేజీ జోలికి ఎవరూ రారు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"బాతు బాగుంది."

డిజైనర్ గతుక్కుమన్నాడు. "తీసెయ్యమంటారా?"

"తీసెయ్యడమేంటి బాబూ? ఇంకాస్త పెద్దది చెయ్యి. అటూ ఇటూ నడిస్తే ఇంకా బాగుంటుంది."

"బట్టలు కుట్టే దుకాణానికి బాతెందుకండీ?"

"పెట్టింది నువ్వే కదా. చదువుకున్నవాడివి, ఊరికే పెడతావా?"

తను తీసిన గోతిలో తనే పడ్డాడు. నడిచే బాతుని అక్క చూస్తున్నట్టు ఊహించుకుంటేనే చెమటలు పట్టాయి.

"మీకు దణ్ణం పెడతాను మాస్టారూ, బాతు మాత్రం వద్దు. దాని బదులు ఇంకేదైనా అడగండి."

మాస్టారు దిగులుగా బాతు వంక చూశారు. "మనసు పడ్డాను బాబూ. సర్లే, నీ మాట కాదనలేను. పోనీ, ఆ ఫోన్ నంబరు..."

"ఎర్రగానేనా?"

"అంకె అరచెయ్యంత."

రెండు నిమిషాల్లో నంబరు పేజీ నెత్తికెక్కింది, బాతు మాయమైంది. డిజైనర్ హమ్మయ్య అనుకున్నాడు. అక్కకి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నంబరు ఎంత ఎర్రగా ఉన్నా నడవదు కదా.

లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని లేచేసరికి మాస్టారు మిషన్ దగ్గర ఇంకో చొక్కా కుడుతున్నారు. దాని జేబు మూతి కూడా కిందికే ఉంది. అతనికి మళ్ళీ జాలేసింది.

"మాస్టారూ, చూసుకోండి, ఆ జేబు కూడా తలకిందులుగా పడుతోంది."

మాస్టారు మిషన్ ఆపకుండానే కన్నుకొట్టారు.

"ఇది మా బాతు, బాబూ."