ఎవరూ లేపని చోటు

ఈల మోగింది. మొదట పొదల అవతల సన్నగా, ఆపైన చెవులు చిల్లులు పడేలా. ఆ తరువాతే పార్కు కాపలాదారు కనిపించాడు.

“లేవండి, లేవండి. ఎంతసేపు కూర్చుంటారు? ఇదేమన్నా అత్తారిల్లా?”

“వెళ్తున్నామన్నా” అంటూ మేనేజరు కొలతల టేపు చుట్టుకుని లేచింది. సినిమాలకు చోట్లు వెతికే పని ఆమెది. ఒంటిచేత్తో మీద వేసుకున్న మొదటి సినిమా ఇది. సోమవారం షూటింగు. ఈ ఒక్క చోటు దొరక్కపోతే అద్దె కెమెరా వేరొకరి చేతికి పోతుంది, సినిమా అటకెక్కుతుంది.

డైరెక్టరు చెట్లను చూడలేదు, వెలుతురును చూడలేదు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినీ చూసి, “ఇది కాదు” అన్నాడు.

“స్టేషన్లో వెయిటింగ్ హాలు కాదన్నారు, లైబ్రరీ కాదన్నారు, పడవల రేవు కాదన్నారు. అసలు మీకేం కావాలి సార్?”

“ఇల్లు విడిచి వచ్చినవాడు పొద్దంతా కూర్చోగలిగే చోటు. ఎవరూ లేపకూడదు.”

“అలాంటి చోటుంటే ముందు నేనే వెళ్ళి కూర్చుందును.”

అతను నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ కాలిబాట పట్టారు. ఈ సినిమాలో ఆటో ఎక్కడమంటే విలాసమే.

“ఇంతకీ హీరో ఇల్లెందుకు విడిచాడు?”

“భోజనాల దగ్గర ఒక మాట తూలింది. కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.”

“అంత చిన్నదానికా? జనం నమ్మరు సార్.”

“నమ్మరు. ఇంట్లోవాళ్ళూ నమ్మలేదు. సాయంత్రానికి వస్తాడులే అనుకున్నారు.”

“స్క్రిప్టు నిండా ‘అతను’, ‘అతను’ అని రాశారు. పేరుక్కూడా బడ్జెట్ లేదా?”

“పేరుంది. రాయబోతే చెయ్యి ఆగిపోతోంది.”

“పోనీ, ఆఖర్న ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా?”

“ఆ సీను ఇంకా రాయలేదు.”

సోమవారం షూటింగు పెట్టుకుని ఇప్పుడీ మాట వినవలసి వచ్చినందుకు ఆమెకు తల పట్టుకోవాలనిపించింది. కానీ ఆ గొంతులోని మెత్తదనానికి కోపం నిలవలేదు. నిజంగా తనే ఇల్లు విడిచి వస్తే ఎక్కడ కూర్చుంటుంది? కొంతదూరం ఆలోచిస్తూనే నడిచింది.

“సార్, పెద్దాస్పత్రి వరండా చూద్దామా? అమ్మకు ఆపరేషనైనప్పుడు నేనక్కడే ఉన్నాను. ఎందుకు కూర్చున్నావని ఎవ్వరూ అడగరు. ఎవరికో తోడొచ్చారనుకుంటారు, అంతే. పక్కవాళ్ళు పండో కాఫీయో చేతిలో పెడతారు కూడా.”

డైరెక్టరు నిలబడిపోయాడు.

“నాకెందుకు తట్టలేదిది?” అన్నాడు మెల్లగా. ఆ తరువాత అతని వేగాన్ని అందుకోవడానికి ఆమె పరుగెత్తవలసి వచ్చింది.

పొడవాటి వరండా. వరుసగా ఇనుప కుర్చీలు, వాటి కింద ఫ్లాస్కులు, సంచులు. ఏటవాలుగా దిగుతున్న సాయంకాలపు ఎండ. లైట్ల ఖర్చు కలిసొస్తుందని మేనేజరు మనసు గంతులు వేసింది. ఫోను తీసి ఫ్రేము పెట్టింది. చివరి కుర్చీలో గడ్డం మాసిన ఒకాయన పసిబిడ్డను జోకొడుతున్నాడు. మందుల చీటీతో లైనులో నిలబడ్డ తల్లి అక్కణ్ణుంచే ఆయనకు దండం పెడుతోంది.

“చోటు అదిరింది సార్. ఆయనే కాస్త అడ్డు. పక్కకు జరగమందామా?”

“వద్దు. ఆయన్ని లేపొద్దు.”

డైరెక్టరు ఒక్కడే ఆ కుర్చీ దాకా నడిచాడు. నేలమీద, ఆ మనిషి కాళ్ళ దగ్గర, గొంతుక్కూర్చున్నాడు. మేనేజరు ఫోను దించి మురిసిపోయింది. చోటుతోపాటు నటుడూ దొరికాడన్నమాట. ఇలాంటి సినిమాలకు దారినపోయే ముఖాలే దిక్కు. కొత్త మనిషిని ఒప్పించడానికి కాబోలు, డైరెక్టరు మాటలు వెతుక్కుంటున్నాడు. బిడ్డ ఉలిక్కిపడకుండా, మరికాస్త దగ్గరగా జరిగి, నోరు విప్పాడు.

“శశిధరన్నయ్యా.”