ఆరని ఎర్ర లైటు

కూతురికి నొప్పులొస్తున్నాయని దవాఖాన నుంచి ఫోన్ రాగానే సదానందం చీకట్లోనే కారు తీశాడు. డ్యాష్‌బోర్డు మీద బ్రేకు ఎర్ర లైటు ఎంతకీ ఆరలేదు. భయమేసి, గని దారిలో ఒంటరిగా ఉన్న మెకానిక్ షెడ్డు ముందు ఆపాడు.

మెకానిక్ ఖైజర్ బానెట్ ఎత్తి చూశాడు.

"బ్రేకాయిల్ మంచిగనే ఉంది సార్. హ్యాండ్‌బ్రేకు పూర్తిగ దించలే గావచ్చు."

"దించే వచ్చిన."

లీవరు కొంచెం లేచే ఉంది. ఖైజర్ కిందికి నొక్కగానే లైటు ఆరింది. తలుపు మూసి ఇద్దరూ బానెట్ దించడానికి ముందుకొచ్చారు.

అప్పుడు వినిపించింది, ఖాళీ కారులో ఎవరో లీవరును కటకటమని మెల్లగా పైకి లాగుతున్న చప్పుడు.

"లోపలెవరన్న ఉన్నరా సార్?" ఖైజర్ గొంతు తగ్గించాడు.

"లేరు. నేనొక్కన్నే."

చప్పుడు ఆగింది.

"జల్ది పోవాలె ఖైజర్," అన్నాడు గానీ సదానందం కాళ్లు కదల్లేదు.

డ్రైవరు వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.