బావ బ్రౌజరు

“ఇదేం బ్రౌజరు బావా? పాత సామాన్ల గదిలా ఉంది!”

తమ్ముడు వెనకనుంచి వచ్చి ఎడమ భుజం మీద చెయ్యి వేసేసరికి బావ ఉలిక్కిపడ్డాడు. పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని కలలు కంటున్నాడు కాబోలు, అనుకున్నాడు తమ్ముడు.

అక్క బతిమాలితే సెలవు పెట్టి మరీ వచ్చాడు. బావ ఒక బడికి బస్సు నడుపుతాడు. ఈ ఏడు బడివాళ్ళు డ్రైవర్లందరికీ రోడ్డు నియమాల మీద ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. రూల్స్ పేజీ పక్కన తెరుచుకుని చూసి రాసినా తప్పు లేదు. అంత తేలిక పరీక్ష కూడా బావ పోయినసారి తప్పాడు. బడి కంప్యూటర్లో వెనక్కెళ్ళే బాణం వెతుక్కోవడంతోనే టైం అయిపోయిందట. ఇవాళ కూడా తప్పితే బస్సు తాళాలు ఇంకొకడికిచ్చి, బావని గేటు దగ్గర కూర్చోబెడతారు.

“గేటు తీస్తూ వేస్తూ నేను బతకలేనురా,” అన్నాడు బావ నిన్న రాత్రి అన్నం దగ్గర.

తమ్ముణ్ణి ఆఫీసులో అందరూ ‘మెరుపు’ అంటారు. మౌస్ పట్టుకునే తీరు చూస్తే మనిషి బుర్రలో ఏముందో తెలిసిపోతుందని అతని సిద్ధాంతం. ఆ లెక్కన బావ బుర్రలో ఉన్నది ఎండుగడ్డి.

“వెనక్కెళ్ళే బాణం ఎక్కడుండాలి? ఎడమ మూల. లోకమంతా అక్కడే పెట్టుకుంది. నువ్వేమో బాణాలూ, రీఫ్రెషూ, హోమూ అన్నీ ఈడ్చుకెళ్ళి కుడి మూల పోశావు. చెత్త ఊడ్చి గుమ్మం పక్కకి నెట్టినట్టు!”

“నాకలాగే వీలుగా ఉంటుందిరా.”

“ఆ వీలు వల్లే కదూ పోయినసారి తప్పింది?”

అక్క టీ తెచ్చింది. “ఆ బొత్తాలు ఎక్కడివక్కడ ఉండనీరా. జ్వరంపడి లేచాక ఆయనకి అలా అలవాటైంది,” అంటూ గ్లాసు బావ కుడిచేతిలో పెట్టబోయింది.

“చంటిపిల్లాడా, చేతిలో పెట్టడానికి?” తమ్ముడు గ్లాసు అందుకుని బల్ల మీద అవతలి పక్కన పెట్టాడు. బావ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ఎడమ మోచెయ్యి తగిలి టీ అంతా బల్ల మీద పారింది.

“శభాష్! ఈ చేతులతోనే బస్సు నడిపేది?”

అక్క గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తూ తమ్ముడి వైపు ఒకసారి చూసింది గాని, ఆ చూపు పట్టించుకునే తీరిక అతనికి లేదు. అప్పటికే పని మొదలుపెట్టేశాడు. బొత్తాలన్నీ లాక్కొచ్చి ఎడమ మూల వరసగా పేర్చాడు. అక్కర్లేని ట్యాబులు మూసేశాడు. పరీక్ష పేజీనీ రూల్స్ పేజీనీ పక్కపక్కన పిన్ చేశాడు.

“ఇదీ సర్దడమంటే! ఒక నొక్కుతో అటు, ఒక నొక్కుతో ఇటు. కానీ.”

బావ మౌస్ కదిపాడు. కర్సరు దారి తప్పిన కోడిపిల్లలా స్క్రీన్ మధ్యనే తిరిగింది.

“ఏదిరా, ఎక్కడ పెట్టావు?”

“ముక్కు ముందుంటే ఎక్కడంటావేంటి? లే బావా, లే. నీతో పెట్టుకుంటే తెల్లారినట్టే. నేను చదివి నొక్కుతా, నువ్వు జవాబులు చెప్పు. నొక్కేది ఎవరైతేనేం?”

తమ్ముడు గడగడా చదివాడు. బావ కళ్ళు మూసుకుని టకటకా చెప్పాడు. ఎక్కడ ఆగాలి, ఎవరికి దారివ్వాలి, బడి దగ్గర ఎంత వేగం మించకూడదు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. రూల్స్ పేజీ ఒక్కసారి కూడా తెరవాల్సిన పని పడలేదు. అయినా ఆ ఘనత తన బొత్తాల సర్దుబాటుదేనన్న విషయంలో తమ్ముడికి ఇసుమంత అనుమానం కూడా కలగలేదు.

ఉత్తీర్ణుడని స్క్రీన్ మీద పచ్చగా పడింది.

“నా ఉద్యోగం నిలబెట్టావురా!” బావ అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అక్క కూడా నవ్వింది గాని, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“ఒరేయ్, ఇవాళ బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయా రావట్లేదు. నువ్వెళ్ళి ముందు సీట్లో ఆవిడ చోట కూర్చో. బడి దాకా ఆయనతో ఉండు,” అంది.

“బస్సు నడపడానికీ పక్కన మనిషుండాలా? కబుర్లు లేకపోతే చక్రాలు తిరగవా?”

“చెప్పినట్టు వినరా, నీకు పుణ్యముంటుంది.”

గొణుక్కుంటూనే బయల్దేరాడు. బస్సు ఎడమ పక్క పొడవునా గీతలు, ముందు తలుపు దగ్గర పెద్ద సొట్ట. “ఊళ్ళో గోడలన్నిటినీ పలకరిస్తూ వెళ్తావా బావా?” అన్నాడు. బావ నవ్వేసి తాళం తిప్పాడు.

వీధి వీధినా పిల్లలు ఎక్కారు. కాసేపట్లో బస్సంతా కిచకిచలతో నిండిపోయింది. తమ్ముడు తల వంచుకుని, మట్టిబుర్రకి కంప్యూటర్ నేర్పిన వైనమంతా ఆఫీసు మిత్రులకి ఫోన్లో రాసి పంపుతున్నాడు. అవతలినుంచి నవ్వు బొమ్మలు వచ్చి పడుతున్నాయి.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర బస్సు ఆగింది. ఆగింది ఆగినట్టే ఉంది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు.

“పోనీ బావా, ఇక్కడ కూడా నత్తనడకేనా?” అన్నాడు తమ్ముడు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

బావ రెండు చేతులా స్టీరింగు బిగించి పట్టుకుని ఉన్నాడు. వెనక పిల్లలు ఏదో పాట అందుకున్నారు. బావ వాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

“ఎడమవైపు చూసి చెప్పరా, నాకు అటు చూపు లేదు.”