ముగింపు తెలిసినవాడు

"కొసకు ఏమైతది? వాళ్లు కలుస్తరా, విడిపోతరా?" నవత గొంతు తగ్గించి అడిగింది.

"సినిమా చూడు," అన్నాడు ఫణీంద్ర, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

చిక్కడపల్లిలో మార్నింగ్ షో. నిన్నటి బంద్‌కు ఆగిన జనమంతా ఇవాళే వచ్చినట్టు హాలు నిండిపోయింది. తెర మీద 'మాటలు: ఫణీంద్ర' అని పడినప్పుడు మాత్రం నవత ఒక్కతే చప్పట్లు కొట్టింది. మొదటి భాగంలో ప్రేమించి పెళ్లి చేసుకున్న జంటకే, ఏళ్లు గడిచాక ఏమైందన్నది ఈ రెండో భాగం. మొదటిదానికి రాసిన ప్రతి సీనూ అతను ముందుగా భార్య నవతకే చదివి వినిపించాడు. ఈసారి ఒక్క కాగితమూ చూపించలేదు. ఎందుకో ఆమెకు ఇప్పుడు అర్థమవుతోంది.

తెర మీద భార్య అంటోంది: "మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటుంది. లేనప్పుడే నయం, ఎదురుచూడటానికైనా ఉంటుంది."

అశోక్‌నగర్‌లో, తమ వంటింట్లో, నవత అన్న మాట అది. యాస ఒక్కటే మారింది.

"నేను తెలంగాణల తిడితే నువ్వు కోస్తాల రాసుకున్నవా?" నవ్వించబోయింది. అతను నవ్వలేదు.

వెనక వరుసలో ఇద్దరు ఆడవాళ్లకు వాదం మొదలైంది.

"గిట్ల మాట్లాడితే ఏ మొగోడు ఉంటడక్కా ఇంట్ల?"

"గా మూతి ముడుచుకున్నోనితోని ఎవతి ఏగుతది? నువ్వు జర ఊకో!"

నవత పైట నిండుగా కప్పుకుని సీట్లో కిందికి జారింది.

తెర మీద భర్త సంచి భుజాన వేసుకుని గడప దగ్గర ఆగాడు. "వెళ్తున్నాను," అన్నాడు.

ఇల్లు దాటేటప్పుడు ఎవరూ అనకూడని మాట. పోయొస్త అనాలి, తిరిగి రావడం ఆ మాటలోనే ఉండాలి. మొన్న పొద్దున ఫణీంద్ర కూడా గడప దగ్గర "పోతున్న" అన్నాడు. నోరు జారిందనుకుని, "పోయొస్త అనాలె," అని ఆమె సరిదిద్దింది. అతను వినిపించుకోకుండా మెట్లు దిగాడు.

కానీ ఈ సినిమా రాసి ఏడాదయింది. అంటే ఆ మాట అతను ముందు రాసుకున్నాడు, తరువాత అన్నాడు.

నవతకు ఇక తెర మీద జరగబోయేది సినిమా కాదు. తన రాత రాసినవాడు పక్కనే కూర్చుని ఉన్నాడు, అడిగితే చెప్పడు. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పు ఫణీ. మళ్లొస్తడా, రాడా?"

"మంది చూస్తున్నరు నవతా."

తెర మీద ఇల్లు ఖాళీగా ఉంది. భార్య దీపం ఆర్పబోయి ఆగింది. ఎవరో తలుపు తట్టారు. తీసింది. భర్త సంచి కింద పెట్టి, "ఆకలేస్తోంది. ఏమైనా ఉందా?" అన్నాడు.

హాలంతా ఈలలు. వెనక వరుసలో వాదించుకున్న ఇద్దరూ ఒకే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నవత ఏడుస్తూ నవ్వింది.

బయట ఎండ, బస్సుల హారన్లు. జనంలో నడుస్తూ ఆమె అతని మోచెయ్యి వదల్లేదు.

"పాణం పోయిందనుకో నాకు! ఆయన మళ్లొస్తడని ముందుగాల ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

ఫణీంద్ర ఆగాడు. చాలాసేపటి తరువాత మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"నాక్కూడ ఇప్పుడే తెలిసింది నవతా. నేను రాసిన క్లైమాక్స్ తీసేసిన్రు."